పన్నును వీధిదీపమును



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మీకు క్రొత్తది కాదు. కుళాయిలో నీరు రాకున్నను, మురుగుకాలువ పొంగినను, వీధిదీపము వెలుగకున్నను మీరు పంచాయతీని తలచుకొందురు. పంచాయతీవారు మీ పన్ను బాకీని తలచుకొందురు. “పని చేయనివారికి పన్నెందులకు?” అని యొకరి మాట. “పన్నీయనివారికి పని యెట్లు జరుగును?” అని యింకొకరి మాట. ఈ వాదము మన రచ్చబండలంత పాతది కాదు గాని, నూటయేబది యేండ్ల వయస్సు గలది. ఇందు ఎవరిది తప్పని తీర్పు చెప్పుట నా యుద్దేశము కాదు. ఈ వాదమెట్లు పుట్టెనో, మన తెలుగు నేలపై ఒక పట్టణపు ప్రజలు దీనినెంత దూరము కొనిపోయిరో తెలిపి, అందుండి మనము గ్రహింపదగిన దేమో విన్నవించెదను.

పూర్వము మన గ్రామములలో ఊరి పనులకు నగదు పన్ను వేరుగా లేదు. నీరుకట్టువాడు చెరువు తూమును చూచుకొనెడివాడు. తలారి కావలి కాచెడివాడు. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి మొదలగువారు తమ తమ వృత్తులచేత ఊరికి పనికివచ్చెడివారు. వీరిలో కొందరికి మాన్యములుండెడివి. తక్కినవారి కూలి కళ్లములోనే తీరిపోయెడిది. పంట నూర్చి, తూర్పారబట్టి, రాశి ఇల్లు చేరకముందే ఎవరి మేర వారికి కొలిచి యిచ్చెడివారు. చెరువుకట్ట తెగినప్పుడును, కాలువ పూడినప్పుడును రైతులే పలుగు పారలు పట్టుకొని పోయెడివారు. మద్రాసు రాజధానిలో దీనికి కుడిమరమ్మతు అని పేరు. ఈ యేర్పాటులో ఒక మేలు గుణమున్నది. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు, పని మూడును ఒక్కచోటనే యుండెను. తూము సరిగా విప్పినవాడెవడో, నిద్రపోయినవాడెవడో కళ్లములో నిలిచిన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఐనను ఆ కాలమును మితిమీరి పొగడుట న్యాయము కాదు. ఊరిబావి యన్న పేరే గాని అది ఊరందరి బావి కాదు. మాలపల్లెవారును మాదిగపల్లెవారును అందులో చేద వేయరాదు. ఊరికి ఎక్కువ చాకిరి చేసినవారికే ఊరి సౌకర్యములు తక్కువ. మేర కొలుచు చేయి దయగలదైనచో కుంచము నిండును, లేనిచో వెలితి పడును. దాని మీద చెప్పుకొనుటకు చోటు లేదు. అందుచేత పాత కాలమున అంతయు బాగుండెననియు, సర్కారు బోర్డులు వచ్చి చెడిపోయెననియు చెప్పువారితో నేనేకీభవింపను.

ఆంగ్లేయుల పాలన స్థిరపడిన తరువాత ఊరి సొమ్ము దారి మారెను. 1871వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము లోకల్ ఫండు చట్టమును చేసెను. శిస్తుతో పాటు రోడ్డు సెస్సు వసూలగుట మొదలాయెను. ఆ సొమ్ముతో బాటలు, బడులు, ఆసుపత్రులు నడుపుట దాని యుద్దేశము. 1882లో రిప్పన్ ప్రభువు గవర్నరు జనరలుగా నుండి, స్థానిక వ్యవహారములను స్థానికులే చూచుకొనవలయునని యొక తీర్మానమును ప్రకటించెను. దానిని పురస్కరించుకొని 1884లో మద్రాసు రాజధానికి స్థానిక బోర్డుల చట్టము వచ్చెను. జిల్లాకొక బోర్డు, దాని క్రింద తాలూకా బోర్డులు, వాటి క్రింద పెద్ద గ్రామములకు గాని కొన్ని గ్రామముల కూటమికి గాని యూనియనులు ఏర్పడెను. మీలో పెద్దవారికి “బోర్డు బడి”, “లోకల్ ఫండు ఆసుపత్రి” అను మాటలు జ్ఞాపకముండును. ఆ మాటలు ఈ చట్టముల నుండి మన వాడుకలోనికి దిగినవే.

యూనియను వలన ఊరివారికి కలిగిన అనుభవము మిశ్రమమైనది. ఒక ప్రక్క మేలున్నది. వీధి మలుపులలో కంబములు నాటి కిరసనాయిలు దీపములు పెట్టిరి. వీధులూడ్చుటకు మనుష్యులను నియమించిరి. బావులకు ఒరలు దింపిరి. మశూచికమునకు టీకాలు వేయుట బోర్డుల పనులలో చేరెను. ఇంకొక ప్రక్క, వీటికై ఇంటిపన్ను వచ్చెను. పన్ను నిర్ణయించువారు ఊరివారు ఎన్నుకొన్నవారు కారు. యూనియనులలో గ్రామమునసబులు తమ యుద్యోగమును బట్టియే సభ్యులు. తక్కినవారిని పైవారు నియమించెడివారు. జిల్లా బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. అనగా కళ్లములో ఒక్కచోట నుండిన మూడును మూడు చోట్లకు పోయెను. ఇచ్చువాడు ఊరిలో, పుచ్చుకొనువాడు కచ్చేరిలో, పని ఎక్కడనో. లెక్క చూచువాడు లేడని నేననను. లెక్క తనిఖీ యుండెను. కాని అది సర్కారుకు చెప్పు లెక్కయే గాని ఊరికి చెప్పు లెక్క కాదు.

ఇక చీరాల సంగతి చెప్పెదను. నాడు గుంటూరు మండలములోనిదై, నేడు బాపట్ల జిల్లాలో చేరిన చీరాల, సముద్రమునకు కొలది మైళ్ల దూరముననున్న ఇసుకనేల పట్టణము. పేరాల దానికి ప్రక్క ఊరు. నేతపనివారు మెండు. అచ్చటి రుమాళ్లు సముద్రములు దాటి అమ్ముడుపోయిన సరకు. ఈ రెండు ఊళ్లును కలిసి యూనియనుగా నుండెను. 1919-20 ప్రాంతమున ప్రభుత్వము దీనిని మునిసిపాలిటీగా మార్చెను.

మునిసిపాలిటీ యన్నది చెడ్డ వస్తువు కాదు. జనము పెరిగిన పట్టణమునకు కాలువలు, మంచినీరు, ఆసుపత్రి, పారిశుద్ధ్యము కావలసియే యుండును. చిన్న యూనియను చేతిలోని సొమ్ము ఆ పనులకు చాలదని ప్రభుత్వము వారు తలచియుందురు. ఆ తలంపులో కొంత న్యాయము లేకపోలేదు. కాని ప్రజలకు ముందుగా కనబడినది కాలువయు కాదు, ఆసుపత్రియు కాదు. పన్ను.

ఈ పన్ను లెక్కను మనమొకసారి విడదీసి చూతము. యూనియను దినములలో ఏటికి సుమారు 4,000 రూపాయలు వసూలగుచుండెననియు, మునిసిపాలిటీ రాకతో అది సుమారు 40,000 రూపాయలకు పెరుగుననియు చరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి. జనసంఖ్య ఇంచుమించు 15,000. అయిదుగురున్న కుటుంబమును తీసికొని సగటున లెక్కింపుడు. యూనియనులో ఆ కుటుంబము వంతు ఏటికి ఒక రూపాయి అయిదణాల నాలుగు పైలు. మునిసిపాలిటీలో పదుమూడు రూపాయల అయిదణాల నాలుగు పైలు. అందరికిని ఒకే విధముగా పడదనుట నిజమే. మేడ గలవానికి ఎక్కువ, గుడిసె గలవానికి తక్కువ. ఐనను ఒక్క రూపాయి చోట పది రూపాయలన్నచో, మగ్గము మీద దినదినము బ్రతుకు నేసికొను సంసారమునకు ఎట్లుండునో మీరే యూహింపుడు.

ప్రజలు మొట్టమొదట చేసినది తిరుగుబాటు కాదు. అర్జీలు పెట్టుకొనిరి. మాకీ మునిసిపాలిటీ వలదు, యూనియనుగానే యుంచుడని వేడుకొనిరి. ఆ సంవత్సరములలోనే 1919 నాటి సంస్కరణల ననుసరించి స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగు మంత్రి చేతికి వచ్చెను. ఆయన పానగల్లు రాజాగారైన పానుగంటి రామారాయణింగారు. మంత్రి మనవాడే, శాఖ పేరు స్వపరిపాలనయే. ఐనను ఊరివారి మాట చెల్లలేదు. కౌన్సిలు సభ్యులు తమ పదవులకు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతము తీసికొను అధికారిని అధ్యక్షునిగా నియమించి మునిసిపాలిటీని నడిపించెను. ప్రజలు పన్ను కట్టమనిరి. పన్ను కట్టనందుకు కొందరికి కారాగార శిక్షలు పడెను. అట్లు చెరసాలకు పోయిన వారిలో ఒక స్త్రీయును ఉండెను.

ఈ సమయమున వారికి నాయకుడైనవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889లో పెనుగంచిప్రోలులో జన్మించి, స్కాట్లండులోని ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, దేశసేవకు దిగినవారు. ఆంధ్రరత్నమని ప్రజలు గౌరవించిరి. మాటలో చమత్కారము, పాటలో ప్రీతి, పట్టుదలలో మొండితనము గల మనుష్యుడు. ఆయన రామదండను పేర స్వచ్ఛంద సేవకుల సేనను కూర్చెను. కాషాయ వస్త్రములు, రుద్రాక్షలు వారి వేషము. 1921 మార్చి కడపటి దినములలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు వేలాది జనమును అదుపులో నుంచినవారిలో ఈ రామదండువారు ముఖ్యులు.

ఆ సమావేశము ముగిసిన పిమ్మట 1921 ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసెను. ఊరివారి మొర విని, వారికి రెండు దారులు చూపెను. శాంతము చెడకుండ పన్ను నిరాకరించి వచ్చిన శిక్షలను అనుభవించుట యొకటి. మునిసిపాలిటీ పొలిమేర దాటి ఊరు విడిచిపోవుట రెండవది. పొలిమేర లోపల నివాసము లేనివానిపై ఇంటిపన్ను వేయు వీలులేదు గదా! చీరాల ప్రజలు రెండవ దారినే పట్టిరి.

మండువేసవిలో ఊరు కదలెను. మునిసిపాలిటీ హద్దులకు ఆవల పాకలు వేసికొని దానికి రామనగరమని పేరు పెట్టిరి. 15,000 జనములో 13,000 మందికి పైగా వెడలిపోయిరని వ్రాసియున్నారు. ఈ మాటను చదువుట సులభము. పుట్టి పెరిగిన ఇంటి తలుపునకు తాళము వేసి, పెరటిలోని బావిని విడిచి, చంటిబిడ్డలతోను ముసలివారితోను తాటాకు పాకలోనికి పోవుట యెట్టిదో వయస్సు మీరిన మనకు తెలియును. నేతపనివారి కష్టము మరియు నెక్కువ. గుంటమగ్గమునకు గుంట ప్రాణము. మగ్గపు కొయ్యలను మోసికొని పోవచ్చును గాని గుంటను మోసికొని పోజాలరు. ఎండలు గడచిన పిదప వానలు వచ్చెను, వానల పిదప చలి వచ్చెను. ఇట్లు పదునొకండు నెలలు గడపిరి.

శ్రోతలారా, నా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్న విషయమిచ్చటనే యున్నది. రామనగరములో పన్ను తప్పినది గాని పని తప్పలేదు. అంత జనము ఇసుకపర్రలో నిలిచినచో త్రాగునీరు కావలెను, చెత్త ఎత్తవలెను, రాత్రులు కావలి కావలెను, తగవులు తీర్చవలెను. ఇవి యన్నియు మునిసిపాలిటీ పనులే. రామదండువారు కావలి కాచిరి. పెద్దలు సభ తీర్చి తగవులు పరిష్కరించిరి. కచ్చేరికి పోకుండ తమ వ్యవహారమును తామే చక్కబెట్టుకొనిరి. ఖర్చుకు చందాలు వసూలు చేసికొనిరి. చందా యనగా నేమి? పేరు మారిన పన్నే. ఆ ప్రజలకు ఊరి కొరకు చేయి విప్పుటయందు విముఖత లేదు. తమ్మడుగకుండ, తమకు చెప్పకుండ, తమ నెత్తిన పెట్టుటయే వారికి సహింపరానిదయ్యెను.

ఈ కథ జయముతో ముగియలేదు. 1921లోనే గోపాలకృష్ణయ్యగారు బరంపురమునకు పోయి, ప్రభుత్వపు నిషేధమును లక్ష్యపెట్టనందున, ఒక సంవత్సరము శిక్షపడి తిరుచిరాపల్లి చెరసాలకు పోయిరి. నాయకుడు లేని రామనగరము క్రమముగా నీరసించెను. సొమ్ము కరవయ్యెను. పాకలు శిథిలమయ్యెను. పదునొకండు నెలల పిదప జనము తిరిగి తమ యిండ్లకు మరలిరి. మునిసిపాలిటీ వారికి తప్పలేదు. గోపాలకృష్ణయ్యగారు 1928లో, నలుబది యేండ్లు నిండకుండగనే, గతించిరి. ఓడినదని చెప్పి ఈ కథను మరచుట తగదు. ఒక పట్టణము వారు చేతికి కత్తి తీసికొనక, ఎవరి తలయు పగులగొట్టక, “మమ్మడిగి చేయుడు” అను ఒక్క మాటకై ఏడాది కాలము ఎండవానలు సహించిరి. దీని వెల కట్టుట సులభము కాదు.

తరువాతి చరిత్రలో ఆ మాట కొంచెము కొంచెముగా చెల్లుబడి యగుట మనము చూడగలము. 1920లోనే మద్రాసు రాజధానిలో స్థానిక బోర్డులకు క్రొత్త చట్టమును, గ్రామ పంచాయతీలకు వేరొక చట్టమును వచ్చియుండెను. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యెను. 1938లో మద్రాసు శాసనసభ ఇంకొక మేలైన చట్టమును చేసెను. అంటరానివారని పేరు పెట్టి దూరముంచినవారిని ప్రజల సొమ్ముతో నడచు బావులు, బాటలు మొదలగువాటి నుండి ఎవ్వరును అడ్డగింపరాదని అది శాసించెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము అస్పృశ్యతనే నిషేధించి, ప్రభుత్వ ధనముతో నడచు బావులు, చెరువులు, స్నానఘట్టములు, రోడ్లు అందరివని నిశ్చయించెను. ఊరిబావి నిజముగా ఊరందరి బావి యగుటకు చట్టము ఎంత కాలము తీసికొనెనో చూడుడు. ఆ చట్టము ప్రతి పల్లెలోను పూర్తిగా నడచినదని నేను చెప్పజాలను. అది మన మన ఊళ్లలో మనమే చూచుకొనవలసిన లెక్క.

1950లోనే మద్రాసు గ్రామ పంచాయతీల చట్టము వచ్చి వయోజనులందరికిని ఓటు కలిగించెను. పన్ను కట్టువానికే మాట యను పాత పద్ధతి పోయెను. కూలికి పోవు స్త్రీకిని, భూస్వామికిని ఒక్కొక్క ఓటే. 1957లో బల్వంతరాయి మెహతాగారి సంఘము మూడంచెల పంచాయతీరాజ్యమును సూచించెను. 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరున నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. ఆ నెలలోనే నాటి పాలమూరు జిల్లా షాద్‌నగరున తెలుగువారి పంచాయతీరాజ్యము మొదలాయెను. 1964లో ఆంధ్ర తెలంగాణ ప్రాంతములు రెండింటికి కలిపి ఒకే గ్రామ పంచాయతీల చట్టము వచ్చెను.

ఆ దినములలో నేను బాలుడను. మా ఊరి పేరు చెప్పను. మా తాతగారు పంచాయతీ వారిచ్చిన ఇంటిపన్ను రసీదులను ఇనుపతీగకు గ్రుచ్చి వసారా దూలమునకు వ్రేలాడదీసెడివారు. మా వీధి మలుపులో ఒక దీపపు కంబముండెను. దానిలో కిరసనాయిలు దీపము కొన్ని రాత్రులు వెలుగును, అనేక రాత్రులు వెలుగదు. ఊరిలో కొందరు పన్ను మానివేయుదమనిరి. తాతగారు ఒప్పుకొనలేదు. “పన్ను కట్టనివాడు అడుగుటకు పోయినచో ముందు వాని బాకీయే చదువుదురు” అని వారి మాట. పంచాయతీ కూడిన దినమున ఆయన ఆ తీగతో సహా పోయి, ఎవరినీ నిందింపక, దీపముల పద్దు బయటికి చదువుడని మాత్రమే కోరెను. చదివిరి. పండ్రెండు నెలలకును నూనె కొన్నట్లు పద్దులో నుండెను. చదివినవారు తల యెత్తలేదు. విన్నవారెవ్వరును కేక వేయలేదు. ఆ తరువాత ఆ దీపము తరచుగా వెలిగెనని మాత్రము చెప్పగలను. పన్ను మానుకొన్నచో దీపము ఎన్నటికిని వెలుగకపోవును. పద్దు చదివింపకున్నచో పద్దులో మాత్రమే వెలుగును. ఈ రెండు సంగతులు నేనా చిన్ననాటనే తెలిసికొంటిని.

చట్టము సైతము తరువాత ఈ త్రోవలోనికే వచ్చెను. 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చిన డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అయిదేండ్లకొకసారి ఎన్నికలు తప్పనిసరి చేసెను. స్త్రీలకు మూడవ వంతుకు తక్కువ కాకుండ స్థానములిచ్చెను. మన రెండు రాష్ట్రములలో ఆ వాటా తరువాత సగమునకు పెరిగెను. ఆ సవరణకు ముఖ్యమైన అంగము గ్రామసభ. ఊరి ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతివాడును, ప్రతి స్త్రీయును దానిలో సభ్యులే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము గ్రామసభ ఏటికి రెండు మారులైన కూడవలయునని విధించెను. 2018 నాటి తెలంగాణ చట్టము రెండు నెలలకొక మారు కూడుమనెను. పంచాయతీ జమాఖర్చులు, వచ్చు ఏటి పనులు అందు ఊరివారి యెదుట పెట్టవలెను. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము వలన కాగితములు చూపుమని అడుగు హక్కు ప్రతి పౌరునికిని కలిగెను. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ప్రారంభమై, తాలూకా కచ్చేరికి తిరిగిన అనేక పనులను ఊరి గుమ్మములోనికి తెచ్చెను.

ఇన్ని వచ్చిన తరువాత మన కష్టము తీరినదా? చీరాల కాలమునకును నేటి కాలమునకును ఒక భేదము నాకు స్పష్టముగా కనబడుచున్నది. చీరాలవారి నెత్తిన పన్ను బరువుగా పడినది, అందుచేత ఊరంతయు మేలుకొనెను. నేడు అనేక గ్రామములలో ఇంటిపన్ను స్వల్పము. పంచాయతీ ఖర్చులో పెద్ద భాగము ఆర్థిక సంఘముల గ్రాంటుల రూపమున పైనుండి వచ్చును. పైనుండి వచ్చిన సొమ్మును గూర్చి మనమడుగుట మానివేసితిమి. మన జేబులోనిది కాదు గదా యని యూరకుందుము. అది పొరపాటు భావము. మనము కొను ఉప్పునుండి సబ్బు వరకు ప్రతి అంగడి సరకు వెలలోను ఏదో యొక పన్ను దాగియుండును. ఉప్పు మీద నేరుగా లేకున్నను దానిని మోసిన బండి చమురు మీద నుండును. పైనుండి దిగు గ్రాంటు మన యూరినుండి పైకి పోయిన సొమ్మే. రసీదు లేనందున మనకు గుర్తు లేదంతే.

చీరాలవారికి అడుగు చోటు లేదు. అందుచేత ఊరు విడిచిరి. మనకు అడుగు చోటున్నది. అది ఊరి నడుమనే, పాఠశాల వసారాలోనో చావడిలోనో సంవత్సరమునకు కొన్ని మారులు కూడును. పలుచోట్ల ఆ సభకు వచ్చువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. కొన్నిచోట్ల సభ జరుగక, సంతకముల పుస్తకము మాత్రము ఇంటింటికి తిరుగును. వచ్చిన గుప్పెడుమందిలోను పల్లెలవారి గొంతు, ఆడువారి గొంతు వినబడుట అరుదు. ఖాళీగా నున్న ఆ సభ మనకు ఊరక వచ్చినది కాదు. 13,000 మంది తాటాకు పాకలలో ఎండకు కాగి, వానకు తడిసి అడిగినది అట్టి సభనే.

గ్రామ పెద్దలారా! మీరు చదువు గలవారు, ఊరిలో మాట చెల్లువారు. అందుచేత మీకొక విన్నపము. ఈసారి గ్రామసభ దండోరా వినబడినప్పుడు మీరు పోవుటయే కాక, ఎప్పుడును రానివారిని నలుగురిని వెంటబెట్టుకొని పొండు. ముందు మీ ఇంటిపన్ను బాకీ లేకుండ చూచుకొనుడు. పిదప నీటి పద్దు, దీపముల పద్దు, పారిశుద్ధ్యపు పద్దు అందరికిని వినబడునట్లు చదివింపుడు. అర్థము కానిచోట మరల చదువుమనుడు. సర్పంచి మన బంధువైనను, పగవాడైనను అడుగు ప్రశ్న ఒక్కటే కానిండు. తిట్టుటకు పోవలదు, పొగడుటకును పోవలదు. లెక్క వినుటకు పొండు. పని చక్కగా చేసిన సర్పంచికి, కార్యదర్శికి, వీధులూడ్చు కార్మికునికి ఆ సభలోనే రెండు మంచి మాటలు చెప్పుట మరవకుడు. పూర్వము కళ్లములో మేర కొలిచిన రైతు మంచి పనివానికి ఒక కుంచ మెక్కువ పోసెడివాడు.

కళ్లములో నొకచోట నుండి, బోర్డుల కాలమున మూడు చోట్లకు చెదరిన ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు, పని అను మూడును తిరిగి ఒక్కచోట కూడుటకు మన చట్టము చూపిన చోటు గ్రామసభ. పాత కళ్లములో అందరికిని చోటు లేదు. ఈ క్రొత్త కళ్లములో అందరికిని చోటున్నది. అక్కడకు పోయి నిలుచుట మన వంతు.